ముందు అడగాల్సింది ఆ మనిషినే

అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ ఇళ్లకు వచ్చే చుట్టాల్లో కొందరు ఏళ్ల తరబడి ఉండిపోతారు. పాలమూరు నుంచో సూర్యాపేట నుంచో సర్కారు కొలువు కోసం చదువుకోవడానికి వచ్చిన మేనల్లుడు, హాస్టల్ ఖర్చు భరించలేక మేనమామ ఇంటి హాల్లో పరుపు వేసుకుంటాడు. డిగ్రీ అయిపోయిన అక్క కూతురు పిన్ని దగ్గర ఉండి కోచింగ్‌కు వెళ్తుంది. తెల్లారగానే డబ్బా కట్టుకుని చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకో, సందు చివరి స్టడీ హాల్‌కో బయల్దేరతారు. ఇల్లంతా పడుకున్నాక తిరిగొస్తారు. ఫోన్‌కు లాక్ ఉంటుంది. పరీక్ష ఎలా రాశావంటే పర్వాలేదంటారు. మార్కులెన్ని అంటే మాట మారుస్తారు.

ఇక ఇంట్లో గుసగుసలు మొదలవుతాయి. నిజంగా లైబ్రరీకే పోతున్నాడా? రాత్రి బాల్కనీలో నిలబడి ఎవరితో మాట్లాడుతోంది? మొన్న బీరువాలో ఐదు వందలు తక్కువొచ్చాయి, గమనించావా? ఈ ప్రశ్నలు వంటింట్లో తిరుగుతాయి, పడకగదిలో తిరుగుతాయి, ఫోన్లో ఊరికి కూడా చేరతాయి. అన్నీ తిరిగి చివరికి ఎవరి గురించి పుట్టాయో ఆ మనిషి చెవిన పడతాయి. అప్పటికి ఊళ్లో తండ్రి కూడా కొడుకును అనుమానంగా చూడటం మొదలుపెట్టి ఉంటాడు.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇంట్లో ఎవరి మీదైనా అనుమానం వస్తే ముందు ఆ మనిషితోనే మాట్లాడండి. భార్యతో, అక్కతో, పక్క పోర్షన్ వాళ్లతో అనకముందే. బ్యాగ్ తెరవకముందే, ఫోన్ ముట్టుకోకముందే. వినడానికి ఇది చాలా చిన్న పని. చేసే ఇళ్లు మాత్రం తక్కువ.

ఆ మౌనం ఎక్కడిది?

మాట్లాడబోయే ముందు ఆ పిల్లవాడు ఎందుకు ముడుచుకుపోయాడో కాస్త ఆలోచించండి. తెలంగాణ తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్ 26న 503 పోస్టులతో వచ్చింది. దాదాపు 3.8 లక్షల మంది దరఖాస్తు చేసుకున్నారు. అక్టోబరు 16న ప్రిలిమ్స్ జరిగింది. ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడటంతో 2023 మార్చి 17న దాన్ని రద్దు చేశారు. జూన్ 11న మళ్లీ పెట్టారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరి 19న 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చింది. జూన్ 9న మూడోసారి ప్రిలిమ్స్, అక్టోబరు 21 నుంచి 27 వరకు మెయిన్స్. మెయిన్స్‌కు అభ్యర్థులను ఎంపిక చేసే తీరును మార్చిన జీవో 29 మీద అశోక్‌నగర్ రోడ్లు అట్టుడికింది కూడా ఆ అక్టోబరులోనే. ఎంపికైనవాళ్ల చేతికి నియామక పత్రాలు అందేసరికి 2025 సెప్టెంబరు చివరికి వచ్చాం.

మొదటి నోటిఫికేషన్ నాటికి పాతికేళ్లున్న కుర్రాడికి అప్పటికి ఇరవై ఎనిమిది దాటాయి. ఈ మూడున్నరేళ్లలో ఇంటికి వచ్చిన ప్రతి శుభలేఖతో పాటు అదే ప్రశ్న వచ్చింది: 'మీవాడు ఇంకా చదువుతూనే ఉన్నాడా?' రెండుసార్లు అతను రాసిన పరీక్షే చెల్లకుండా పోయింది. అందులో అతని తప్పేమీ లేదు. అయినా ఆ సంగతి ప్రతి చుట్టానికీ మొదటి నుంచి చెప్పుకొచ్చే ఓపిక ఎవరికుంటుంది? అందుకే 'పర్వాలేదు' అనే ఒక్క మాట చాటుకు చేరాడు. ప్రశ్నపత్రాల గుట్టును పరీక్ష పెట్టేవాళ్లే నిలుపుకోలేకపోయిన కాలంలో, తన మార్కుల గుట్టును కాపాడుకునే కుర్రాడిని తప్పుపట్టడం నాకు న్యాయంగా తోచదు.

పైగా అతనికి ఆ ఇంట్లో గది లేదు. హాల్లో పడుకుంటాడు. టీవీ కట్టేసేదాకా నిద్రపోలేడు. ఏడుపొస్తే వెళ్లడానికి బాత్రూమ్ తప్ప చోటు లేదు. అంత ఇరుకులో మనిషి తనదంటూ మిగుల్చుకోగలిగింది నోరు విప్పకపోవడం ఒక్కటే. దాన్ని పొగరనో దొంగతనమనో అనుకోవడం మన తొందరపాటు.

ముఖం చూసి చెప్పలేం

'వాడి ముఖం చూస్తేనే అబద్ధమని తెలిసిపోతుంది' అని పెద్దవాళ్లు ధీమాగా అంటారు. తెలియదు. చార్లెస్ బాండ్, బెల్లా డెపాలో అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దీని మీద జరిగిన పరిశోధనలన్నీ కూర్చి 2006లో లెక్క తేల్చారు. 24 వేల మందికి పైగా చేసిన అంచనాలు అందులో ఉన్నాయి. ఎదుటివాడు చెప్పేది నిజమో అబద్ధమో జనం సరిగ్గా చెప్పగలిగింది సగటున నూటికి 54 సార్లు. నాణెం ఎగరేసి బొమ్మా బొరుసా చూసి తేల్చినా యాభై వస్తుంది. చూపులు తప్పించాడు, గొంతు తడబడింది, చెమటలు పట్టాయి అని మనం పట్టుకునే గుర్తులు భయపడ్డ అమాయకుడిలోనూ కనిపిస్తాయి. పరాయి పంచన ఉంటున్నవాడికి ఆ భయం ఎప్పుడూ ఉండేదే.

రెండో చిక్కు ఇంకా లోతైనది. 1960లో పీటర్ వాసన్ లండన్‌లో ఒక చిన్న ప్రయోగం చేశాడు. 2, 4, 6 అనే అంకెలిచ్చి, వీటి వెనకున్న సూత్రమేమిటో కనుక్కోండి, మీకు తోచిన మూడేసి అంకెలు చెప్పి పరీక్షించుకోండి అన్నాడు. చాలామంది రెండేసి పెరిగే సరి సంఖ్యలని అనుకుని 8, 10, 12 అని, 20, 22, 24 అని చెబుతూ పోయారు. ప్రతిసారీ అతను సరిపోతుందనే అన్నాడు. వాళ్లు తమ సూత్రమే ఖాయమనుకున్నారు. అసలు సూత్రం చాలా మామూలుది: ఒకదాని కన్నా ఒకటి పెద్దదైతే చాలు. 1, 2, 3 అని ఒక్కసారి అడిగి ఉంటే తమ ఊహ తప్పని తెలిసేది. తప్పయ్యే అవకాశమున్న ప్రశ్న అడగాలని ఎక్కువమందికి తోచలేదు.

ఇంట్లో జరిగేదీ అచ్చం అదే. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్లు నడిచిపోయే దూరంలో ఉన్నాయి కాబట్టి వాడు సినిమాలకు తిరుగుతున్నాడని ఒకసారి అనుకున్నామంటే అంతే సంగతులు. ఆలస్యంగా వస్తే సెకండ్ షో. త్వరగా వస్తే చదువు మీద ధ్యాస లేదు. నవ్వుతూ వస్తే బయట ఎవరో ఉన్నారు. ముభావంగా వస్తే ఏదో దాస్తున్నాడు. ఏం చేసినా మన ఊహకే బలం. ఈ ఉచ్చులోంచి బయటపడే దారి ఒకటుంది. ఒక కాగితం మీద రాసుకోండి: 'నా అనుమానం తప్పయితే నాకు ఏం కనిపించాలి?' దానికి జవాబు రాయలేకపోతే మీ దగ్గరున్నది అనుమానం కూడా కాదు, వాడంటే మీకున్న విసుగు. విసుగు వేరే సమస్య. ఖర్చు పెరిగింది, ఇల్లు ఇరుకైంది, మనకంటూ ఏకాంతం లేదు అనే కష్టం నిజమైనదే. దాన్ని దానిలాగే చెప్పుకోవాలి. దానికి దొంగ అనే పేరు తగిలించకూడదు.

కాపలా వల్ల తెలిసేది తక్కువ

కాపలా కాస్తే కదా అసలు సంగతి తెలిసేది అని అడుగుతారు. స్వీడన్‌లో హాకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ పద్నాలుగేళ్ల పిల్లల్నీ వాళ్ల తల్లిదండ్రుల్నీ పరిశీలించి 2000లో ఒక పరిశోధన ప్రచురించారు. పిల్లల సంగతులు తల్లిదండ్రులకు ఎలా తెలుస్తున్నాయని చూస్తే, ఎక్కువగా పిల్లలు తమంతట తాము చెప్పడం వల్లే. ఆరాలు, ఆంక్షలు, నిఘాల వల్ల తెలిసింది దానితో పోలిస్తే తక్కువ. పద్నాలుగేళ్ల పిల్లల మాటే అదైతే, ఇరవై ఆరేళ్లవాడిని వెంటపడి కాపలా కాసి ఏం తెలుసుకుంటాం? వాడు మనకన్నా తెలివిగా దాచడం నేర్చుకుంటాడు. వాడు నోరు విప్పేలా మన ఇల్లు ఉందా లేదా అన్నదే చూసుకోవాల్సింది.

కాబట్టి అడగండి. అడగడంలోనే నేర్పంతా ఉంది.

నలుగురి ముందు అడగకండి. భోజనాల దగ్గర అసలే అడగకండి. పరాయి ఇంట్లో తింటున్న మనిషికి అన్నం ముందు ప్రశ్న ఎదురైతే ఆ ముద్ద ఇక జన్మలో మింగుడుపడదు. సాయంత్రం ఇద్దరూ కలిసి ఇందిరా పార్కు దాకా నడవండి. నడిచేటప్పుడు ఒకరి ముఖం ఒకరు చూడక్కర్లేదు, కష్టమైన మాట సులువుగా వస్తుంది. ఒకసారికి ఒకే సంగతి అడగండి. రాత్రి ఆలస్యం గురించి మొదలుపెట్టి, నిరుడు పాడుచేసిన స్కూటర్ మీదుగా, వాళ్ల నాన్న తీర్చని అప్పు దాకా పోవద్దు. మీరు చూసింది చెప్పండి, మీకు తెలియనిది చెప్పండి, ఊహించినదాన్ని మీ దగ్గరే ఉంచుకోండి. ఆ మాట ఇలా ఉండొచ్చు:

'బిడ్డా, వారం నుంచి నువ్వు పదకొండు దాటినంక వస్తున్నవ్. ఎందుకో నాకు తెల్వదు. తెల్వకపోతే మనసు ఏదేదో అనుకుంటది. అందుకే నిన్నే అడుగుతున్న. చెప్పేదుంటే చెప్పు, లేదంటే రెండు రోజులు ఆగి చెప్పు.'

చివరి ముక్క ముఖ్యం. రెండు రోజుల గడువు ఇచ్చినప్పుడు మనిషి అబద్ధం వెతుక్కోడు, ధైర్యం తెచ్చుకుంటాడు. జవాబు విన్నాక దాన్ని ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు అని వాడినే అడగండి. 'ఇది అత్తమ్మకు చెప్పొచ్చా?' అనే ఒక్క ప్రశ్నతో వచ్చే నమ్మకం ఏడాది అన్నం పెట్టినా రాదు.

ఒక అర, ఒక తాళంచెవి

మీ ఇంట్లో ఎవరైనా చుట్టం చదువుకోవడానికి ఉంటుంటే, ఈ ఆదివారమే ఒక పని చేయండి. ఏ అలమారలోనైనా ఒక అర ఖాళీ చేసి, తాళం వేసుకునే వీలు కల్పించి, తాళంచెవి వాళ్ల చేతికివ్వండి. రెండోది మీ దగ్గర ఉంచుకోకండి. సర్టిఫికెట్లు, డైరీ, మందులు, పదో పరకో డబ్బు, ఎవరో రాసిన ఉత్తరం, ఏమైనా ఉండనివ్వండి. దాచుకోవడానికి చోటున్న మనిషికి ప్రతిదీ దాచాల్సిన అవసరం ఉండదు. సూట్‌కేసులో చీరల కింద డైరీ కుక్కుకునే అమ్మాయిని చూస్తే మనకు అనుమానమొస్తుంది. అదే డైరీ ఆమె అరలో ఉంటే మన కంటికి ఆనదు.

చట్టం ఏమంటుందని అడిగేవాళ్లుంటారు. ఇంటి లోపలి ఏకాంతం గురించి మన హైకోర్టులో చాలా ముందే గట్టి మాటలు వినిపించాయి. సినీ నటి సరిత కేసులో 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ.చౌదరి, ఇష్టం లేని భార్యను కాపురానికి రమ్మని కోర్టు ఆదేశించడం ఆమె ఏకాంతాన్ని, గౌరవాన్ని దెబ్బతీస్తుందని చెప్పి, అలా ఆదేశించే వీలిచ్చే చట్టం సెక్షన్‌నే కొట్టేశారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు వేరే కేసులో ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. భార్య తన తల్లిదండ్రులతో, స్నేహితులతో మాట్లాడిన ఫోన్ మాటలను ఆమెకు తెలియకుండా రికార్డు చేసి భర్త కోర్టుకు తెస్తే, అది ఆమె వ్యక్తిగత గోప్యతకు భంగమనీ, అలాంటి సాక్ష్యం చెల్లదనీ ఇదే హైకోర్టు 2007లో అంది. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. మళ్లీ 2025 జులై 14న అదే సుప్రీంకోర్టు, దంపతుల మధ్య రహస్యంగా రికార్డు చేసిన సంభాషణలను విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చంది. ఒకరి మీద ఒకరు నిఘా పెట్టుకునే దాకా వచ్చారంటే ఆ బంధం అప్పటికే చెడిందని అర్థమన్న మాట కూడా ఆ తీర్పులోనే ఉంది.

డిజిటల్ వ్యక్తిగత సమాచారాన్ని కాపాడటానికి 2023లో చేసిన చట్టం కూడా, ఒక వ్యక్తి సొంతానికో ఇంటి అవసరానికో వాడుకునే సమాచారం జోలికి రాదు. మేనల్లుడి ఫోన్ తెరిచిన మేనమామను ఆ చట్టం అడగదు. వాకిలి దాటి లోపలికి వచ్చాక ఆ బాధ్యత మన సంస్కారానిదే.

ఆడపిల్లల విషయంలో మరొక మాట. మేనల్లుడి ఫోన్ గురించి గుసగుసలాడి ఊరుకునే ఇల్లే, మేనకోడలి ఫోన్‌ను చేతిలోంచి లాక్కుంటుంది. లొకేషన్ పంపమంటుంది. పాస్‌వర్డ్ చెప్పమంటుంది. వాట్సాప్‌లో చివరిసారి ఎన్నింటికి ఉందో చూస్తుంది. 'రోజులు బాగాలేవు, మంచికే' అంటుంది. ఆమె భద్రత కోరేవాళ్లు ఆమెకు ఇవ్వాల్సింది వేరు: రాత్రి నారాయణగూడ మెట్రో స్టేషన్‌లో దిగాక ఫోన్ చేస్తే ఎదురెళ్లే మనిషి, దారిలో ఎవడైనా వెంటపడితే 'నీ చదువు మాన్పిస్తాం' అనకుండా షీ టీమ్స్‌కు ఫిర్యాదు చేయడానికి తోడొచ్చే మనిషి. వెంటపడ్డవాడి సంగతి చెబితే చదువు ఆగిపోతుందని తెలిసిన అమ్మాయి ఎప్పటికీ చెప్పదు. దాచడం ఆమెకు నేర్పింది మనమే. ఇంకో సంగతి, ఒక మగవాడు ఒక మహిళ ఇంటర్నెట్, ఈమెయిల్ వాడకంపై నిఘా పెట్టడాన్ని భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ వెంటాడి వేధించే నేరం కిందే చూస్తుంది. బావో బాబాయో అయినంత మాత్రాన ఫోన్లో నిఘా యాప్ పెట్టే అధికారం పుట్టదు.

దాచకూడని గుట్టు

ఇంత చెప్పాక, ఎవరి గుట్టు వాళ్లకు వదిలేసి కళ్లు మూసుకోమంటున్నానని అనుకోవద్దు. కొన్ని సంగతులు ఇంటివాళ్లకు తెలియాలి. వేరు చేయడానికి ఒక్క ప్రశ్న చాలు: దాచిన సంగతి బరువు రేపు ఎవరి నెత్తిన పడుతుంది? మార్కులు, ప్రేమ, దేవుడి మీద నమ్మకం, డైరీ, డాక్టరు చీటీ ఆ మనిషివి. ఇంటి పేరుతో తెచ్చిన అప్పు, ఇంట్లో అందరికీ అంటుకునే జబ్బు, ఎవరైనా ప్రాణం తీస్తామని బెదిరించడం, బతకాలని లేదనే మాట ఇంటివి కూడా.

ఈ రోజుల్లో చదువుకునే పిల్లల విషయంలో ఎక్కువ భయపెట్టేది ఫోన్లో తీసుకునే అప్పు. 2020 చివర్లో తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులకు కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఆ డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. ఆ యాప్‌ల పద్ధతి మన కథకు చాలా దగ్గర. అప్పు ఇచ్చేముందే ఫోన్‌లోని పేర్లు, నంబర్లు, ఫొటోలు లాగేసుకునేవి. కొద్ది రోజుల గడువుకు కొన్ని వేలు ఇచ్చి, అందులోనూ ఫీజు కోసుకునేవి. గడువు దాటితే మేనమామకు, పెదనాన్నకు, కోచింగ్‌లో స్నేహితుడికి 'ఫలానావాడు మోసగాడు' అని సందేశాలు పంపేవి. ఇంట్లోవాళ్ల అనుమానమే వాళ్ల వసూలు ఆయుధం. చుట్టాల ముందు పరువు పోతుందన్న భయంతో కుర్రాడు మరో యాప్‌లో అప్పు చేసేవాడు.

అలాంటి ఫోన్ మీకు వస్తే మీ తొలి మాట చాలా విషయాలు తేలుస్తుంది. ఫోన్ చేసినవాడికి కోపంగా కానీ భయంగా కానీ ఏ వివరమూ ఇవ్వకండి. నంబరు, సందేశాలు స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. ఇంట్లో మిగతావాళ్లకు చూపించకండి. నేరుగా పిల్లవాడి దగ్గరికి వెళ్లి, 'నీ మీద ఒక ఫోనొచ్చింది, నేను నీ పక్కనున్న, ఎంతైందో చెప్పు' అనండి. తిట్టాలనుంటే వచ్చే నెల తిట్టండి. అప్పిచ్చే యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టులు, కాల్ లాగ్‌లు, ఫొటోల జోలికి పోకూడదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరు మార్గదర్శకాల్లో చెప్పింది. వసూలు ఏజెంట్లు ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత ఫోన్ చేయకూడదనీ, అప్పు తీసుకున్నవాళ్ల కుటుంబాన్ని, స్నేహితులను వేధించకూడదనీ అదే ఏడాది ఆగస్టులో చెప్పింది. సైబర్ నేరాల ఫిర్యాదుకు 1930 నంబరుంది. పిల్లవాడు బాగా కుంగిపోయినట్టుంటే టెలీ మానస్ 14416కు కలపండి, తెలుగులో మాట్లాడతారు.

బెట్టింగ్ సంగతి కొంచెం వేరు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అయినా అలవాటు పడ్డవాడు దారులు వెతుక్కుంటాడు. అది బయటపడితే ఒట్లు వేయించడం, తల్లి మీద ప్రమాణం చేయించడం పనికిరావు. డబ్బు వ్యవహారాన్ని కొన్నాళ్లు అతని ఒప్పుదలతోనే ఇంకొకరి చేతిలో పెట్టి, వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.

దాచుకునేవాళ్లతో

ఈ వ్యాసం చదివేవాళ్లలో ఆ హాల్లో పరుపు వేసుకున్న తమ్ముడూ, ఆ డైరీ ఉన్న చెల్లీ కూడా ఉండొచ్చు. మీతో ఒక మాట. చెప్పకపోవడం మీ హక్కు. కానీ చెప్పడం లేదని చెప్పండి. 'మామా, మార్కుల సంగతి ఇప్పుడే చెప్పలేను. ఫైనల్ కీ వచ్చినంక నేనే చెప్త. బాపుకు కూడా నేనే చెప్త. అప్పటిదాంక జర ఓపిక పట్టు.' ఈ నాలుగు ముక్కలతో సగం గుసగుసలు ఆగిపోతాయి. లైబ్రరీకి కాక వేరే చోటికి వెళ్తుంటే, పార్ట్‌టైమ్ పని చేస్తుంటే, ట్యూషన్లు చెబుతుంటే, ఆ ముక్క చెప్పేయండి. పని చేసుకుంటున్నానని చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

కొలంబియా విశ్వవిద్యాలయంలో మైఖేల్ స్లెపియన్ బృందం రహస్యాల మీద చేసిన పరిశోధనలో ఒక సంగతి తేలింది. ఎదుటివాళ్ల దగ్గర దాచాల్సి వచ్చే సందర్భాల కంటే, ఒంటరిగా ఉన్నప్పుడు ఆ రహస్యం దానంతటది మనసులోకి వచ్చే సందర్భాలే ఎక్కువ. మనిషిని నలిపేది అదే. చదువు ముందేసుకుని కూర్చున్న మీకు ఆ నలుగుడు ఎంత ఖరీదో వేరే చెప్పాలా? ఇంట్లో చెప్పలేకపోతే రీడింగ్ రూమ్‌లో రోజూ పక్కన కూర్చునే స్నేహితుడికి చెప్పండి. ఒక్కరికైనా తెలిసి ఉండాలి.

వస్తువు పోయినప్పుడు

అన్నిటికన్నా కఠినమైన రోజు, ఇంట్లో బంగారమో డబ్బో కనిపించని రోజు. ఆ రోజు చూపులన్నీ ఇంట్లో బలహీనమైన మనిషి వైపు తిరుగుతాయి. ముందు పనిమనిషి, తర్వాత చుట్టం. కన్నకొడుకును ఎవరూ అడగరు. అందుకే ఆ రోజుకు ముందే ఇంట్లో ఒక నియమం పెట్టుకోండి. వస్తువు కనబడకపోతే మొదటి రోజు వెతకడమే పని. చివరిసారి దాన్ని పెట్టుకుని ఎక్కడికెళ్లారు, ఏ బ్యాగ్ తీసుకెళ్లారు, ఏ చీర మడతలో ఉంది, బ్యాంకు లాకర్‌లో పెట్టారా అని పోగొట్టుకున్న మనిషే గుర్తు చేసుకోవాలి. రెండో రోజు ఇంట్లో అందరినీ ఒకేచోట కూర్చోబెట్టి ఒకే మాట అడగాలి, కొడుకును కూడా. ఎవరి బ్యాగ్‌నైనా చూడాల్సి వస్తే అందరి బ్యాగులూ అందరి ముందూ చూడాలి, ఇంటి యజమాని బ్యాగ్‌తో మొదలుపెట్టి. అప్పటికీ దొరక్కపోతే పోలీసు ఫిర్యాదు ఇవ్వండి. ఊరికి ఫోన్ చేసి 'మీవాడిని కాస్త కనుక్కోండి' అనే ఫిర్యాదు మాత్రం ఇవ్వకండి.

ఇవేవీ చేయకుండా ఇప్పటికే అనేశారనుకోండి. ఆ కుర్రాడు లైబ్రరీకి వెళ్లినప్పుడు బ్యాగ్ వెతికేశారు, వాళ్ల అమ్మకు ఫోన్ చేసి చెప్పేశారు. నెల తర్వాత, పోయిందనుకున్న గొలుసు సంక్రాంతి చీర మడతలో దొరికింది. చాలా ఇళ్లలో అప్పుడు జరిగేది ఒకటే: ఆ పూట కోడికూర వండుతారు. ఎవరూ ఏమీ అనరు. కుర్రాడు తిని లేస్తాడు, ఆ నెలలోనే హాస్టల్ వెతుక్కుంటాడు, మేనమామ ఇంటి గడప మళ్లీ తొక్కడు. ఎందుకు వెళ్లిపోయాడో తెలియదని మేనమామ అందరితో అంటుంటాడు.

క్షమాపణ పెద్దవాళ్లే చెప్పాలి, మాటల్లోనే చెప్పాలి. 'నీ బ్యాగ్ నేనే తెరిచిన. తప్పు నాది' అని ఏం చేశారో పేరు పెట్టి చెప్పాలి. ఎవరి ముందు అనుమానించారో వాళ్ల ముందే చెప్పాలి. ఆ తర్వాత, అనుమానాన్ని ఎందరి చెవిన వేశారో గుర్తు చేసుకుని ఒక్కొక్కరికీ మళ్లీ ఫోన్ చేయాలి. కరీంనగర్ అక్కకు, అమెరికాలో తమ్ముడికి, పక్క పోర్షన్ ఆవిడకు కూడా. 'అక్కా, వాడి గురించి నేనన్న మాట తప్పు. గొలుసు మా ఇంట్లోనే దొరికింది. నువ్వు ఎవరితోనన్న అని ఉంటే వాళ్లకు కూడా చెప్పు' అని. ఊళ్లో ఉన్న ఆ తల్లికి మాత్రం మొదటి ఫోన్ చేయండి, మిగతావాళ్లందరికంటే ముందు.